రాయబారం సీనుకి లేపండి

"బాబుగారూ, మీరు మెలకువగానే ఉంటారు కదండీ. రాయబారం సీనుకి కాస్త నన్ను లేపండి."

భీమవరానికి దగ్గర్లో ఒక పల్లె. గుడి ముందు పందిరి. నా పక్కన చాప పరుచుకున్న రైతు ఆ మాట చెప్పి, తువ్వాలు మడిచి తలకింద పెట్టుకుని, స్టేజీ మీద అర్జునుడు గొంతెత్తి రాగం తీస్తుండగానే నిద్రపోయాడు. ఆయనకి తెల్లవారితే రెండో పంట దాళ్వా ఊడ్పులు. ఐదింటికల్లా చేలో ఉండాలి. కూలీలు దిగేసరికి నారు కట్టలు గట్టుమీద ఉండాలి. అయినా నాటకం వదులుకోలేదు. నాటకం కోసం చేనునీ వదులుకోలేదు. చుట్టూ చూస్తే అలా పడుకున్నవాళ్లు పాతికమంది దాకా ఉన్నారు. ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లో వేసుకుని కునుకు తీస్తున్నారు.

రాత్రి రెండు దాటాక హార్మోనియం మీద శ్రుతి మారింది. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసేలోపే లేచి కూర్చున్నాడు. పాతికమందీ లేచారు. ఎవరూ ఎవర్నీ లేపలేదు. కృష్ణుడు కౌరవసభలోకి అడుగుపెట్టాడు.

ఉద్యోగరీత్యా ఊళ్లు తిరిగే మనిషి, తిరిగే ఊళ్లలో నాటకాలు చూడటం ఎలా, పని చెడకుండా, ఒళ్లు చెడకుండా, ఇంట్లో వాళ్లు బాధపడకుండా? ఆ రాత్రి దాకా నన్ను నలిపిన ప్రశ్న అది. జవాబు నాకు ఆ చాప మీద దొరికింది. అప్పుడే పూర్తిగా అర్థమైందని చెప్పను. ఆ తర్వాత కూడా నేను తప్పులు చేశాను. కానీ దారి తెలిసింది మాత్రం అక్కడే.

నాది బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ ఉద్యోగం. ఒక్కో బ్రాంచిలో పది రోజులు, రెండు వారాలు. తణుకు, పాలకొల్లు, నరసాపురం, రావులపాలెం, అమలాపురం, మండపేట, రామచంద్రపురం. సూట్‌కేసు, లాడ్జి గది, మెస్సు భోజనం. పగలంతా లెడ్జర్లు, లోన్ ఫైళ్లు, బంగారం పాకెట్లు. సాయంత్రం ఏడింటికి బ్రాంచి షట్టరు దించాక మనిషికి ఏమీ ఉండదు. ఇంట్లో ఉంటే పిల్లల చదువు ఉంటుంది, కరెంటు బిల్లు ఉంటుంది, చుట్టాలుంటారు. సొంత ఊళ్లో ఉన్నన్నాళ్లు నేను ఏడాదికి ఒక నాటకం చూసినవాణ్ణి కాను. పరాయి ఊళ్లో ఖాళీ సాయంత్రం చేతిలో పెట్టుకుని కూర్చుంటే, రిక్షాకి కట్టిన మైకులోంచి వినిపించింది: నేటి రాత్రి శ్రీకృష్ణ రాయబారం. నన్ను నాటకం దగ్గరికి తీసుకెళ్లింది ఉద్యోగమే. ఇది నేను ఎప్పుడూ మరిచిపోలేదు.

డెల్టాలో నాటకాల కాలం కూడా పనిని చూసుకునే ఏర్పడింది. తొలి పంట సార్వా ఇంటికొచ్చి, ధాన్యం సొమ్ము చేతిలో పడ్డాక సంక్రాంతి. అక్కణ్ణుంచి మొదలు. భీమవరంలో మావుళ్లమ్మవారి ఉత్సవాలు సంక్రాంతికి మొదలై నెల దాటి సాగుతాయి. హరికథ, బుర్రకథ, పద్యనాటకం, రాత్రికొకటి. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, ఆ తర్వాత శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి. వేసవిలో కాలవలు కట్టేశాక చేలో పని ఉండదు కాబట్టి గ్రామదేవతల జాతర్లు. నీళ్లు వదిలారంటే మళ్లీ అందరూ పొలంలోనే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవల్లో నీళ్లు పారినప్పటి నుంచి ఈ ప్రాంతంలో కొలత కాలవదే. పెళ్లిళ్లకైనా, నాటకాలకైనా. దాళ్వా వచ్చాక ఆ తీరిక సగం పోయింది. సంక్రాంతి వెళ్లగానే ఊడ్పులంటే, నాటకం రాత్రికి రాత్రే చూడాలి, చాప మీద పడుకునే చూడాలి. రైతులు అది నేర్చుకున్నారు. ఉద్యోగస్తులం మనమే ఇంకా "టైమ్ లేదండీ" అంటున్నాం.

లోకంలో మిగతావాళ్లకీ ఇది కొత్త కాదు. పూర్వం ఏథెన్సులో డయొనీసియా ఉత్సవాల రోజుల్లో ఊరి వ్యవహారాలు ఆపి జనమంతా కొండ వాలున కూర్చుని నాటకాలు చూసేవారు. టిక్కెట్టు కొనలేనివాళ్ల కోసం ప్రభుత్వమే ఒక నిధి పెట్టింది. షేక్‌స్పియర్ నాటి లండన్లో నాటకాలు పట్టపగలే ఆడేవారు. పనివాళ్లు కొట్లు వదిలి పోతున్నారని నగర పెద్దలకి అదొక పెద్ద ఫిర్యాదు. మనవాళ్లు రాత్రిని ఎంచుకున్నారు. పగలు పగలే, రాత్రి రాత్రే.

రాయబారం సీను వచ్చే ఈ కురుక్షేత్రం నాటకం చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పది గంటలకి తెర అంటే పదకొండుకి లేస్తుంది. ముందు పడక సీను. పడుకున్న కృష్ణుడి దగ్గరికి దుర్యోధనుడూ అర్జునుడూ సాయం అడగటానికి వస్తారు. దానికి ఒక కృష్ణుడు. రాయబారానికి ఇంకో కృష్ణుడు, పేరున్నవాడు, ఆఖరున వస్తాడు. ఒక్కో రాత్రి ముగ్గురు కృష్ణులు కూడా ఉంటారు. కాంట్రాక్టరు ఒక్కో నటుణ్ణి ఒక్కో ఊరినుంచి పిలుస్తాడు. రిహార్సల్ అంటూ ఉండదు. గుంటూరు బస్సు దిగినవాడు ధర్మరాజు, కాకినాడ బస్సు దిగినవాడు భీముడు, ఇద్దరూ మేకప్ గదిలోనే కలుసుకుంటారు. అయినా నాటకం నడుస్తుంది. ఎందుకంటే ఆ పద్యాలు అందరికీ కంఠతా వచ్చు. జనానికి కూడా వచ్చు. నటుడు ఒక మాట మింగితే ముందు వరసలో కూర్చున్న ముసలాయన అందిస్తాడు. ఆ పద్యాలు ఈ మట్టిలో పుట్టినవే. పాండవోద్యోగ విజయాలు రాసిన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారిది భీమవరం పక్క యండగండి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారిది కడియం. వాళ్లూ ఊరూరూ తిరిగినవాళ్లే. సంస్థానాలకు వెళ్లి అవధానాలు చేసి, మధ్యలో ఈ నాటకాలు రాశారు.

ఇక తప్పు సంగతి.

కోనసీమలో ఒక బ్రాంచి. పేరు అనవసరం. వరసగా రెండు రాత్రులు నాటకాలు చూశాను. మొదటి రాత్రి హరిశ్చంద్ర, రెండో రాత్రి రాయబారం. హరిశ్చంద్రలో కాటి సీను తెల్లవారుజామున వస్తుంది. అది చూడకుండా లేస్తే హరిశ్చంద్ర చూసినట్టు కాదు. కూర్చున్నాను. రెండో రోజు కూడా కూర్చున్నాను. మూడో రోజు పొద్దున బంగారం లోన్ల తనిఖీ. ఒక్కో పాకెట్టు సీలు చూసి, విప్పి, నగలు లెక్కపెట్టి, తూకం వేసి, రిజిస్టరుతో సరిపోల్చి, మళ్లీ సీలు వేయించాలి. నూటపాతిక పాకెట్లు. అప్రైజరు గారు ఒక్కొక్కటే త్రాసులో పెడుతుంటే నేను బరువు రాసుకుంటున్నాను. ఒక గొలుసు, జత గాజులు. రిజిస్టరులో 26.400 గ్రాములు. నా కాగితంలో 24.600.

నేను తలెత్తి, బ్రాంచిలో అందరూ వింటుండగా, "తూకం తగ్గిందేమిటండీ?" అన్నాను.

ఆయనకి అరవై ఏళ్లుంటాయి. ఆ ఊళ్లో మూడు తరాలుగా బంగారం పనిచేసే కుటుంబం. మొహం ఒక్కసారిగా నల్లబడింది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పాకెట్టే మళ్లీ తీసి, త్రాసులో పెట్టి, నావైపు తిప్పారు. 26.400. నిద్ర చాలని కళ్లతో అంకెలు అటూ ఇటూ రాసింది నేను.

క్షమించమని అడిగాను. ఎంతమంది ముందు ఆ మాట అన్నానో అంతమంది ముందూ అడిగాను. "ఫర్వాలేదండి, పొరపాట్లు సహజం" అన్నారాయన. కానీ ఆ పూట భోజనానికి ఇంటికి వెళ్తూ ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. దొంగతనం మాట నేను నోటితో అనలేదు. అన్నట్టే ఆయనకి వినిపించింది. నాటకం నాకిచ్చిన సంతోషానికి మూల్యం ఇంకొకరు చెల్లించారు. ఇది నాకు ఇప్పటికీ బాధే.

ఆ రోజు నుంచి నేను మారింది ఒక్క విషయంలో. బ్రాంచిలో అడుగుపెట్టిన మొదటి రోజే కాగితం మీద రాసుకునేవాణ్ణి: బంగారం తనిఖీ ఏ రోజు, క్యాష్ ఏ రోజు, ఫైళ్లు ఏ రోజు. బంగారానికీ క్యాష్‌కీ ముందు రాత్రి నాటకం లేదు, ఎంత గొప్ప కృష్ణుడొచ్చినా సరే. ఫైళ్ల రోజు ముందు రాత్రి వెళ్లొచ్చు. షట్టరు దించగానే భోజనం చేసి, ఎనిమిదింటికి పడుకుని, లాడ్జి కుర్రాణ్ణి పదకొండుకి లేపమనేవాణ్ణి. వెళ్తే పూర్తిగా చూడటం. గంట చూసి లేచి రావడం, చూస్తూ మనసులో రేపటి రిపోర్టు రాసుకోవడం మానేశాను. అది నాటకానికీ మర్యాద కాదు, రిపోర్టుకీ మర్యాద కాదు. ఎదురుగా మనిషి గొంతు చించుకుని పద్యం పాడుతున్నాడు. అది సినిమా కాదు, రేపు మళ్లీ వేయడానికి.

ఇంకో చిక్కు ఉంది. దాని గురించి ఎవరూ చెప్పరు. డెల్టాలో నాటకాలకి డబ్బు పెట్టేవాళ్లలో రైసు మిల్లు యజమానులు చాలామంది. బ్యాంకులో పెద్ద పెద్ద లోన్లు కూడా వాళ్లవే. ఇన్‌స్పెక్టరుగారికి నాటకాలంటే ఇష్టమని తెలిసిందంటే ఇంక చూడండి. ముందు వరసలో కుర్చీ, మెడలో తువ్వాలు, కారు పంపిస్తామంటారు. ఒకచోట మేనేజరు ఎంతో ఆదరంగానే అన్నాడు, "రాత్రికి కమిటీవాళ్లు మీకు కుర్చీ వేయించారండి." ఆ కమిటీ అధ్యక్షుడి ఫైలు అప్పుడు నా బల్ల మీదే ఉంది. నిల్వ చూపించిన ధాన్యం బస్తాలు నేను ఇంకా లెక్కపెట్టలేదు. నేను వెళ్లలేదు. తర్వాత ఆ ఊళ్లో పని పూర్తిచేసి, రిపోర్టు ఇచ్చేసి, బయల్దేరే రోజు రాత్రి పక్క ఊళ్లో నాటకం ఉంటే వెళ్లి చాపమీద కూర్చున్నాను. నేల మీద కూర్చున్నవాడికి ఎవరి మొహమాటమూ ఉండదు. నాటకం కూడా అక్కణ్ణుంచే బాగా వినపడుతుంది.

మన నాటకం మొదలైందే ఇలాంటి వ్యవహారాల మీద. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి నాటకాలు ఆడి వెళ్లిపోయింది. వాళ్లు వేసిన పాకలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన విద్యార్థుల చేత వ్యవహార ధర్మబోధిని ఆడించారు. తెలుగులో రంగమెక్కిన మొదటి ఆధునిక నాటకం అదేనంటారు. దాని కథ రాజులదీ కాదు, దేవుళ్లదీ కాదు. వకీళ్లు, కోర్టులు, దావాలు, లంచాలు. పంతులుగారు పగలు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు. పైగా పత్రిక, ప్రెస్సు, సంఘసంస్కరణ. ఊళ్లు తిరిగే బృందం వదిలి వెళ్లిన పాక, బడిపంతులు రాసిన నాటకం, ఉద్యోగాల్లో అక్రమాల మీద కథ. పని, ప్రయాణం, నాటకం మూడూ ఆ పాకలోనే కలిశాయి. ఇప్పుడు పంతులుగారి పుట్టినరోజు ఏప్రిల్ 16ని తెలుగు నాటకరంగ దినోత్సవంగా చేసుకుంటున్నాం. నేను రాజమండ్రిలో ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లినప్పుడల్లా, ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు ఆ నాటకం ఒకసారి తలుచుకునేవాణ్ణి.

ఆ తర్వాత వచ్చినవాళ్లూ అలాంటివాళ్లే. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో నాటకకర్త చిలకమర్తివారి నాటకాల్లో వేషాలు వేశారు. అదే ఊళ్లో వకీలయ్యారు, మునిసిపల్ చైర్మనయ్యారు. నటుడు బళ్లారి రాఘవ పేరున్న వకీలు. ఏలూరులో ప్రభాత్ థియేటర్ నడిపిన బందా కనకలింగేశ్వరరావుగారూ వకీలే. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో వేషాలు వేసిన ఎస్వీ రంగారావుగారు సినిమాల్లోకి వెళ్లకముందు ఫైర్ ఆఫీసరుగా ఉద్యోగం చేశారు. వీళ్లెవరికీ నాటకం తీరిక ఉన్నప్పటి పని కాదు. ఉద్యోగమూ తప్పనిసరిగా మోసిన బరువు కాదు. రెండూ చేశారు, రెండూ బాగా చేశారు.

పెద్దవాళ్ల సంగతి అలా ఉంచండి. రామచంద్రపురం దగ్గర ఒక ఊళ్లో రాయబారం అయ్యాక తెల్లవారుజామున నేను స్టేజీ వెనక్కి వెళ్లాను. కృష్ణుడు బెంచీ మీద కూర్చుని కొబ్బరినూనె రాసుకుని మొహం తుడుచుకుంటున్నాడు. కిరీటం కాంట్రాక్టరు పెట్టెలోకి వెళ్లిపోయింది. లుంగీ, బనీను. పక్కన ప్లాస్టిక్ బుట్ట, అందులో టిఫిన్ క్యారియరు, ఇస్త్రీ చేసిన చొక్కా. పద్యం చాలా బాగుందని చెప్పి, "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగాను.

"మేష్టర్నండి. ఎలిమెంటరీ స్కూలు."

"ఇవాళ బడి లేదాండీ?"

"ఎందుకు లేదండీ. ఆరింటి బస్సెక్కితే ఎనిమిదింటికి ఇంట్లో ఉంటాను. స్నానం చేసి వెళ్లిపోవడమే. ప్రార్థన నేనే చేయించాలి కదండీ."

అలవాటైన మాట చెప్పినట్టు చెప్పారు. తువ్వాలుతో మొహం, మెడ, చేతులు అన్నీ తుడుచుకున్నారు. చెవి వెనక మాత్రం నీలం అలాగే ఉండిపోయింది. చెప్పాను. నవ్వి, "పిల్లలు కనిపెట్టేస్తారండి. మేష్టారూ, రాత్రి కృష్ణుడా అని అడుగుతారు" అన్నారు. తెల్లచొక్కా తొడుక్కుని, బుట్ట పట్టుకుని, కాలవగట్టు మీదుగా బస్సు స్టాపువైపు నడిచి వెళ్లిపోయారు. నేను నాటకం చూడటానికి పడుతున్న శ్రమే గొప్ప అనుకున్నాను. ఆయన నాటకం ఆడి, తెల్లారి పిల్లలకి పాఠం చెబుతున్నారు.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. అప్పట్లో నాటకం లేని రోజు రాత్రి తొమ్మిదింటికి ఎస్టీడీ బూతు నుంచి ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. ఒకసారి మా ఆవిడ, "రోజూ నాటకాల గురించే చెబుతారు. నన్నెప్పుడు తీసుకెళ్తారండీ?" అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అడిగింది. నాకు సమాధానం దొరకలేదు. నేను చాప మీద కూర్చుని పద్యాలు వింటున్న రాత్రుల్లో ఆవిడ ఇద్దరు పిల్లల్ని ఒక్కతే చూసుకుంటోంది. ఆ వేసవి సెలవుల్లో నేను పనిచేస్తున్న ఊళ్లో సురభివాళ్లు డేరా వేశారు. పిల్లల్నీ ఆవిణ్ణీ రమ్మన్నాను. మాయాబజారు. ఆకాశంలో రెండు అగ్నిబాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి. మా చిన్నాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ సురభి నాటక సమాజం కుటుంబాల్లో తాతలు, తండ్రులు, మనవలు అందరూ నటులే. డేరా వెనకే వంట, డేరా వెనకే నిద్ర. వాళ్లకి ఉద్యోగమూ ప్రయాణమూ నాటకమూ ఇల్లూ అన్నీ ఒకటే. ఆ రాత్రి లాడ్జికి తిరిగి వస్తూ మా ఆవిడ, "ఇంక మీరు ఎక్కడ నాటకం చూసినా నాకు ఫర్వాలేదు. కానీ కథ చెప్పాలి" అంది. ఆ తర్వాత ప్రతి నాటకమూ ఫోన్లో చెప్పాను.

నేను రిటైరై చాలా ఏళ్లయింది. ఇప్పుడు గోదావరి జిల్లాల్లో పని మీద తిరిగే కుర్రాళ్లు, మందుల కంపెనీవాళ్లు, విత్తనాలవాళ్లు, రొయ్యల మేత కంపెనీలవాళ్లు, ఆడిటర్లు, రాత్రి పదింటికి కూడా లాడ్జి మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని రిపోర్టులు పంపుతున్నారు. మా రోజుల్లో షట్టరు దించితే పని ఆగేది. వాళ్లకి ఆ షట్టరు లేదు. అది వాళ్ల తప్పు కాదు. నాటకాలూ తగ్గాయి. చాలాచోట్ల నాటకం మొత్తం వేయడం లేదు, పడక సీను, రాయబారం సీను, కాటి సీను విడివిడిగా వేసి ముగిస్తున్నారు. అయినా ఉన్నాయి. మావుళ్లమ్మవారి పందిట్లో ఉన్నాయి. కోనసీమ తీర్థాల్లో ఉన్నాయి. రాజమండ్రి ఆనం కళాకేంద్రంలో ఉన్నాయి. నాటక పరిషత్తు పోటీలైతే గంటలో అయిపోయే నాటికలు, భోజనం వేళకి గదికి చేరొచ్చు.

వాళ్లకి నా మనవి. ఊళ్లో దిగిన రోజే టీ కొట్టు దగ్గర అడగండి, ఈ వారం నాటకం ఎక్కడని. మీ పనిలో తప్పు చేయకూడని రోజేదో ముందే గుర్తుపెట్టుకుని ఆ ముందు రాత్రి పడుకోండి. మిగతా రోజుల్లో ఒక్క రాత్రి నాటకానికివ్వండి. ఫోను జేబులో పెట్టి ఆఖరిదాకా కూర్చోండి. పద్యం బాగుంటే స్టేజీ వెనక్కి వెళ్లి ఆ మాట ఆయనతో చెప్పండి. ఆలస్యం చేయకండి, ఆయన ఆరింటి బస్సుకి వెళ్లిపోతారు.